నిండిన బుట్ట, ఖాళీ బుట్ట

మా బావకు చింతామణి దగ్గర రెండెకరాల జామతోట ఉంది. బెంగళూరు నుంచి డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, మార్కెట్లో రెండూ. పోయిన నెల ఒక రాత్రి ఫోన్ చేశాడు. "ఏమప్పా, బుట్టల్లో దోసెడు పురుగులు పడతా ఉన్నాయి. అయినా కాయ కోస్తే లోపల పురుగే. పడినవి ఏవి, లోపల ఉండేవి ఏవి?" ఆ వెంటనే ఇంకో ప్రశ్న. ఆదోని వైపు పత్తి వేసే చుట్టం ఎవరో చెప్పాడట, చేలో మొక్కలకు చిన్న చిన్న దారాలు కడితే మగ పురుగుకు ఆడ పురుగు దొరకదని, మందు కొట్టే పని తగ్గుతుందని. "ఆ దారాలు మన జామకు కట్టొచ్చునా?"

"ఆదివారం వస్తాను బావా, కాయలు కోసి చూసి చెప్తాను" అన్నాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదది. పురుగులు పడేందుకు చెట్టుకు వేలాడదీసే ఎర బుట్టలోనూ, ఆ దారంలోనూ ఉన్నది వాసనే. అందుకని రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. వాసనతో పురుగును పట్టడం వేరు, వాసనతో పురుగును దారి తప్పించడం వేరు. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్న రైతులను నేను చూశాను. అందుకే దీన్ని మొదటి నుంచీ చెప్పాలనిపించింది.

చింతామణికి పక్కనే శిడ్లఘట్ట. పట్టుగూళ్ల మార్కెట్‌కు పేరున్న ఊరు. పట్టు గుడ్లు తయారుచేసే చోట పనిచేసినవాళ్లకు నేను చెప్పబోయేది కొత్త కాదు. గూడు చీల్చుకుని బయటికొచ్చిన ఆడ పురుగు కదలకుండా కూర్చుని పొత్తికడుపు కొసను కొంచెం బయటికి చాస్తుంది. అంతే. అటువైపు ఉన్న మగ పురుగు రెక్కలు టపటపలాడించుకుంటూ గిరగిరా తిరుగుతూ దాని దగ్గరికి చేరుతుంది. ఎగరడం దానికి చేతకాదు, ఎన్నో వేల ఏళ్ల పెంపకంలో ఆ శక్తి పోయింది. వాసన పట్టే శక్తి మాత్రం పోలేదు.

ఆ వాసన ఏ పదార్థమో తేల్చడానికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ దాదాపు 20 ఏళ్లు పనిచేశాడు. సుమారు 5 లక్షల ఆడ పట్టుపురుగుల నుంచి వచ్చింది కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. 1959లో దాని నిర్మాణం ప్రకటించి, బాంబికోల్ అని పేరు పెట్టాడు. ఒక జీవి బయటికి వదిలి, అదే జాతికి చెందిన మరో జీవి నడవడిని మార్చే ఇలాంటి పదార్థాలకు ఫెరమోన్ అనే మాట పుట్టింది కూడా ఆ ఏడాదే. మన వ్యవసాయ శాఖ వాళ్లు లింగాకర్షక బుట్టలు అనే వాటిలో పెట్టే ఎర ఈ కుటుంబానిదే.

పట్టుపురుగులా రెక్కలొచ్చి, రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే మాత్ జాతినే మనం రెక్కల పురుగు అంటాం. ఒక ఆడ రెక్కల పురుగు గంటకు వదిలేది కొన్ని నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. అంత కొంచెం వాసన అంత దూరం ఎలా పోతుందన్నది అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే. అగరబత్తి పొగను చూడండి. కొసన సన్నటి గీతలా లేచి, జానెడు పైకి పోగానే తెగి ముక్కలై, పాయలు పాయలుగా గాలి ఎటు లాగితే అటు పోతుంది. ఆడ పురుగు వాసన కూడా అలాగే తెగిన పాయలుగా పోతుంది. దగ్గరికొచ్చే కొద్దీ ఘాటు పెరుగుతుందని మగ పురుగు లెక్కలు కట్టదు. దాని మీసాలకు ఒక పాయ తగలగానే గాలికి ఎదురు ఎగురుతుంది. పాయ తప్పిపోతే ముందుకు పోవడం ఆపి అడ్డంగా అటూ ఇటూ వెతుకుతుంది. మళ్లీ తగిలితే మళ్లీ ఎదురు. అలా పాయ పాయకూ తగులుకుంటూ ఆడదాని దగ్గరికి వస్తుంది. అంటే దాని దారి గాలి మీద ఉంది. ఆ దారిని చెడగొడితే పురుగును చంపే పనే లేదు.

మేటింగ్ డిస్రప్షన్ అనే పద్ధతి ఇదే. పొలంలో నుంచుని చెప్పాలంటే జత కట్టనివ్వకుండా తికమక పెట్టడం. ఆడ పురుగు వాసనను ఫ్యాక్టరీలో తయారుచేసి సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో నింపుతారు. గొట్టం వెంబడి ఒక తీగ ఉంటుంది, కొమ్మకు మెలిపెట్టి కట్టడానికి. బావ చుట్టం దారాలన్నది వీటినే. పత్తిలో గులాబీ రంగు పురుగుకు ఎకరానికి ఇన్ని అని లెక్క ఉంది. ఆపిల్ తోటల్లో కాయ తొలిచే కోడ్లింగ్ మాత్ అనే రెక్కల పురుగుకు వాడే మామూలు రకం ఎకరానికి సుమారు 400. ఒక్కో దానిలో 150 మిల్లీగ్రాములుండి, 150 రోజులు వస్తుందని ఉజ్జాయింపుగా అనుకుందాం. రోజుకు ఒక మిల్లీగ్రాము, గంటకు 40 వేల నానోగ్రాముల పైన. ఆడ పురుగు వదిలేది కొన్ని నానోగ్రాములే కదా. ఒక్కో గొట్టం కొన్ని వేల ఆడ పురుగులంత వాసన వదులుతూ, రాత్రంతా అలసిపోకుండా పిలుస్తున్నట్టు.

అప్పుడు మగ పురుగుకు ఏమవుతుంది? రెండు జవాబులున్నాయి. ఒకటి, అది అబద్ధపు పాయల వెంట పడి, గొట్టం నుంచి గొట్టానికి తిరిగి, ఆ రాత్రి పొద్దు వృథా చేసుకుంటుంది. రెండు, గాలి నిండా అదే వాసన ఉండేసరికి ముక్కు మొద్దుబారుతుంది, లేదా ఆ వాసన వెనక అసలు ఆడదాని పాయ కనిపించకుండా పోతుంది. తిరునాళ్లలో అమ్మ కట్టిన ఎర్రచీరను ఆనవాలుగా పెట్టుకుని వెతికే పిల్లాణ్ని ఊహించుకోండి. ఆ రోజు వందమంది ఎర్రచీర కట్టుకొస్తే ఒక్కొక్కరి వెనకా పోయి మొహం చూసి తిరిగొస్తాడు, అది మొదటిది. చూపంతా ఎరుపైపోయి ఎవరూ విడిగా కనబడకపోతే రెండోది. కోడ్లింగ్ మాత్ విషయంలో, చేత్తో కట్టే మామూలు గొట్టాలతో జరిగేది ఎక్కువగా మొదటిదేనని పరిశోధకులు తేల్చారు.

ఏదైతే మనకేం అనుకోవద్దు. రైతు జేబుకు సంబంధించిన సంగతి ఇక్కడే ఉంది. అబద్ధపు ఆడ పురుగులతో నిజం ఆడ పురుగులు పోటీ పడుతున్నాయంటే, ఏవి ఎన్ని ఉన్నాయన్న లెక్కే ఫలితాన్ని తేలుస్తుంది. ఎకరంలో 400 గొట్టాలకు 20 ఆడ పురుగులుంటే మగవాటికి నిజమైనది దొరకడం కష్టం. అదే ఎకరంలో 4,000 ఆడ పురుగులుంటే ఏ కొమ్మ మీదికి పోయినా ఒకటి తగులుతుంది, గొట్టాలు ఏమీ చేయలేవు. అందుకే పురుగు విపరీతంగా ఉన్న తోటలో ఇది మొదటి ఏడాదే పనిచేయదు. ముందు మందుతోనో, రాలిన కాయలు ఏరేసో సంఖ్య తగ్గించాలి. తగ్గిన తర్వాత ఏడాదికేడాది ఈ పద్ధతి బలపడుతుంది. మందు కొట్టిన రోజే చచ్చిన పురుగులు చూడడానికి అలవాటుపడ్డ కంటికి ఈ ఓపిక అంత సులభంగా రాదు, నాకు తెలుసు. కానీ ఇందులో ఇంకో మేలు కూడా ఉంది. జత పూర్తిగా ఆగకపోయినా సరే, రెండు మూడు రాత్రులు ఆలస్యమైతే చాలు, ఆడ పురుగు పెట్టే గుడ్లు తగ్గుతాయి. వాటి ఆయుష్షే తక్కువ కదా.

బెంగళూరులో ఏ పండ్ల కొట్టుకు పోయినా మీద చిన్న స్టిక్కరుతో అమెరికా ఆపిల్స్ కనిపిస్తాయి. వాటిలో చాలా భాగం వాషింగ్టన్ రాష్ట్రానివి. కోడ్లింగ్ మాత్ పిల్ల పురుగు గుడ్డు నుంచి బయటికొచ్చిన రోజే కాయలోకి దూరిపోతుంది, ఇక మందు దాన్ని తాకదు. అది దూరకముందే కాయ మీద విషం ఉండాలని అక్కడి తోటల్లో 20వ శతాబ్దం మొదటి సగమంతా సీసం, ఆర్సెనిక్ కలిసిన లెడ్ ఆర్సెనేట్ కొట్టారు. ఆ విషం ఇప్పటికీ పాత తోటల మట్టిలో ఉంది. ఆ నేలల్లో ఇళ్లు కట్టేవాళ్లు మట్టి పరీక్ష చేయించుకోవాల్సి వస్తోంది. తర్వాత డీడీటీ, ఆ తర్వాత ఆర్గానోఫాస్ఫేట్లు వచ్చాయి. పురుగు ఒక్కోదాన్నీ తట్టుకోవడం నేర్చుకుంది. కోడ్లింగ్ మాత్ వాసన ఏమిటో 1971లో తేలింది, దానికి కోడ్లెమోన్ అని పేరు. 1991లో దానితో చేసిన గొట్టాలకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు వాషింగ్టన్ ఆపిల్ తోటల్లో అత్యధిక భాగం ఈ గొట్టాలో, పావుగంటకోసారి వాసన చిమ్మే డబ్బాలో వాడుతున్నవే.

అంత వ్యాప్తి ఒక్కో రైతు విడిగా వాడితే వచ్చింది కాదు. 1995లో వాషింగ్టన్, ఆరెగాన్, కాలిఫోర్నియా తోటల్లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు, విశ్వవిద్యాలయాలు, రైతులు కలిసి పక్కపక్కనున్న తోటలన్నిటినీ ఒకే పెద్ద తోటగా తీసుకుని పని మొదలుపెట్టారు. ఎందుకు అలా చేయాల్సి వచ్చిందంటే, గాలిలో పెట్టిన వాసన జత కట్టని పురుగును మాత్రమే ఆపగలదు. పక్క తోటలో జత కట్టిన ఆడ పురుగు గట్టు దాటి ఎగిరొచ్చి మన చెట్టు మీద గుడ్లు పెడితే దానికి ఈ వాసనతో పనేముంది? రెండెకరాల తోటకు నాలుగు వైపులా గట్లే. అంచు చెట్ల దగ్గర వాసనను గాలి తీసుకుపోతుంది, బయటి పురుగు మొదట దిగేదీ అక్కడే. పది ఎకరాలు, అంతకు పైన ఒక్క చెక్కగా ఉంటేనే ఈ పద్ధతి సరిగ్గా నిలబడుతుందని అంటారు.

కాలిఫోర్నియాలో నాపా లోయ ద్రాక్షతోటల కథ దీనికి మంచి సాక్ష్యం. 2009లో అక్కడ యూరప్ ద్రాక్ష రెక్కల పురుగు బయటపడింది. లోయ మొత్తం కలిసి కదిలింది. గొట్టాలు కట్టారు, సమయం చూసి మందు కొట్టారు, ద్రాక్ష తరలింపు మీద కట్టుబాట్లు పెట్టారు. 2016లో ఆ పురుగు ఇక లేదని ప్రకటించారు. పత్తి గులాబీ రంగు పురుగును కూడా అమెరికా 2018లో తన పత్తి ప్రాంతాల నుంచి నిర్మూలించినట్టు ప్రకటించింది. అక్కడ బీటీ పత్తి, గొడ్డు పురుగులను వదలడం, వాసన గొట్టాలు, పైరు తీసేశాక మోళ్లు దున్నేయడం అన్నీ కలిసి పనిచేశాయి. వాసన ఒక్కటే చేసిందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

ఇక బుట్టల సంగతి. గొట్టాలు కట్టిన తోటలో పక్కన ఒక లింగాకర్షక బుట్ట వేలాడదీస్తే అందులో పురుగులు పడవు. పడకపోవడమే మంచి సూచన, ఎందుకంటే మగ పురుగుకు ఆ బుట్టలోని ఎర కూడా దొరకలేదన్నమాట. ఇంతవరకూ బాగుంది. చిక్కు ఏమిటంటే, బుట్ట ఖాళీగా ఉంది కాబట్టి తోటలో పురుగే లేదనుకుని ధీమాగా ఉండిపోవచ్చు. గట్టు దాటి వచ్చిన తల్లి పురుగుల గురించి ఆ బుట్టకు ఏమీ తెలియదు. అందుకే ఆపిల్ తోటల్లో మామూలు దానికి పది రెట్లు వాసనున్న ఎర పెడతారు. 2001లో ఇంకో మంచి సంగతి బయటపడింది. పండిన పియర్ పండు వాసనలో ఉండే ఒక పదార్థం కోడ్లింగ్ మాత్ ఆడవాటినీ మగవాటినీ రెండింటినీ పిలుస్తుంది. దాన్ని కూడా ఎరలో కలుపుతారు. ఇన్ని చేసినా వారం వారం కాయలు చూడక తప్పదు.

పురుగు ఈ వాసనకు కూడా అలవాటు పడదా అని అడుగుతారు. ఒకసారి పడింది. జపాన్ తేయాకు తోటల్లో ఆకు చుట్టే చిన్న రెక్కల పురుగు మీద 1983 నుంచి ఒకే ఒక్క పదార్థంతో చేసిన గొట్టాలు వాడారు. పదేళ్లు దాటేసరికి షిజుఓకాలో వాటి పట్టు తప్పింది. ఆడ పురుగు వాసనలో నిజానికి నాలుగైదు పదార్థాలు కలిసి ఉంటాయి. మొత్తం మిశ్రమాన్ని గొట్టంలో పెట్టేసరికి మళ్లీ పనిచేసింది. మందుల చరిత్రతో పోలిస్తే ఇది చాలా మెరుగు.

ఇంత మంచి పద్ధతి బెంగళూరు చుట్టుపక్కల తోటల్లో ఎందుకు కనిపించదు? ఖరీదు ఒక కారణం, చిన్న కమతాలు ఇంకో కారణం. నా దృష్టిలో అసలు కారణం మన పురుగులే. శ్రీనివాసపురం మామిడినే తీసుకోండి. పూత మీద తేనెమంచు పురుగు, టెంకలో టెంక పురుగు, పండులో పండు ఈగ. ఒకటి రసం పీల్చేది, ఒకటి పెంకు పురుగు జాతి, ఒకటి ఈగ. మూడింట్లో ఒక్కటీ రెక్కల పురుగు కాదు. దానిమ్మ కాయ తొలిచేది సీతాకోక చిలుక పిల్ల. సీతాకోక చిలుకలు పగటిపూట కంటి చూపుతో జోడు వెతుక్కునేవి, గాలిలో పెట్టిన వాసన వాటికి దారి కాదు. పండు మీద సూదిలాంటి తొండంతో పొడిచి రసం పీల్చే పెద్ద రెక్కల పురుగు ఉంది, అది నిజంగా రెక్కల పురుగే. కానీ దాని పిల్లలు పెరిగేది తోట బయట కంచె మీద పాకిన తిప్పతీగ ఆకుల మీద. కాయను చెడగొట్టేది అప్పటికే పెరిగి పెద్దదైన పురుగు. తోట లోపల జత ఆపితే ఏం లాభం? ఆంధ్ర తీరంలో మామిడి కాయను తొలిచే ఎర్రచారల పురుగు రెక్కల పురుగు జాతే, దాని వాసనా తెలుసు. అక్కడ చెట్టు ముప్పై నలభై అడుగులు. వాసన గొట్టాలు చెట్టు పైభాగంలో ఉండాలి, కింది కొమ్మలకు కడితే పురుగులు పైన జత కడతాయి. కూలీ ఎక్కి కట్టే ఖర్చు వేసి చూసుకోవాలి.

ఆదివారం పొద్దున బావ వసారాలో బుట్టెడు రాలిన జామకాయలు, ఒక కత్తి, ఒక స్టీలు పళ్లెం పెట్టుకుని కూర్చున్నాం. కోసిన మొదటి ఆరు కాయల్లో ఐదింటిలో పురుగు. గింజల చుట్టూ గుజ్జు నీరుకారి గోధుమ రంగుకు తిరిగింది. అందులో బియ్యపు గింజంత తెల్లటివి, తల వైపు సన్నగా, తోక వైపు మొద్దుగా. కాళ్లు లేవు. పళ్లెంలో వేయగానే ఒకటి ఒళ్లు ముడిచి టప్పున ఎగిరి అంగుళం అవతల పడింది. "బావా, రెక్కల పురుగు పిల్లకైతే ముందు కాళ్లుంటాయి, గోధుమ రంగు గట్టి తల ఉంటుంది. ఇలా ఎగిరి దూకదు. ఇది ఈగ పిల్ల. ఆ దారాలు దీనికి పనికిరావు" అన్నాను.

బావ లేచి వెళ్లి చెట్టుకున్న బుట్ట తెచ్చి పళ్లెంలో కుమ్మరించాడు. పసుపు గీతల గోధుమరంగు ఈగలు, వందకు తక్కువ లేవు. ఒక్కటీ గుడ్లు పెట్టే ఆడ ఈగ కాదు. ఆడదానికి వెనక సూదిలాంటి కొస ఉంటుంది, ఎంత వెతికినా కనబడలేదు. ఆ బుట్టలో ఎర మిథైల్ యూజినాల్. తులసి నూనెలోనూ ఉండే పదార్థమే. 1912లో బిహార్‌లోని పూసాలో హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త నిమ్మగడ్డి జాతి సిట్రొనెల్లా నూనెకు మగ పండు ఈగలు మూగడం గమనించి రాశాడు. 1915లో మిథైల్ యూజినాల్‌కూ అంతేనని తేల్చాడు. మన దేశంలో పుట్టిన తెలివిడి ఇది. కానీ ఇది తికమక పెట్టదు, మగవాటిని పిలిచి చంపుతుంది. ఒక మగ ఈగ చాలా ఆడ ఈగలతో జత కట్టగలదు. వందకు తొంభై మగవి చచ్చినా మిగిలిన పది చాలు. పక్క తోట నుంచి జత కట్టుకుని వచ్చే ఆడ ఈగలకు ఎలాగూ లెక్కే లేదు. అందుకే బుట్ట నిండింది, కాయ కూడా పుచ్చింది.

బెంగళూరులోనే ఈ ఎర మీద మంచి పని జరిగింది. హెబ్బాళలోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో, భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి మిథైల్ యూజినాల్‌ను ఒక జెల్‌లో బంధించి, ఎండకూ వానకూ త్వరగా ఆవిరైపోకుండా నిదానంగా వదిలేలా చేశారు. జామతోటల్లో పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. ఎర ఎక్కువ రోజులు నిలిస్తే రైతుకు మార్చే ఖర్చు తగ్గుతుంది. కానీ ఎంత మంచి ఎరైనా ఒక్క రెండెకరాల్లో కడితే ఇదే కథ.

"అయితే ఏం చేయాల?" అన్నాడు బావ. తెలిసింది చెప్పాను. రాలిన కాయ ఒక్కటి కూడా నేల మీద ఉండనివ్వకూడదు, అందులోని పిల్ల మట్టిలోకి దిగి ఈగై లేస్తుంది. ఏరి లోతుగా పూడ్చాలి, లేదా ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పెట్టాలి. కాయ పచ్చిగా గట్టిగా ఉన్నప్పుడే కోయాలి. బుట్టలు కాయ పక్వానికి వచ్చేముందే, చుట్టూ ఉన్న తోటలన్నీ ఒకే వారంలో కట్టాలి. ఆడ ఈగలకు బెల్లం నీళ్లు, మందు కలిపిన ఎర ఆకుల మీద అక్కడక్కడా మచ్చలుగా చల్లే పద్ధతి ఉంది, అది తోట మొత్తం మీద మందు కొట్టడం కన్నా చాలా తక్కువ విషం.

బావ చాలాసేపు మాట్లాడలేదు. గట్టు అవతల తోట వైపు చూశాడు. అక్కడ కోత అయిపోయిన మామిడి చెట్ల కింద రాలిన కాయలు అలాగే పడి కుళ్లుతున్నాయి, ఈగలు ముసురుతున్నాయి. "ఆ తోటాయనతో రెండేండ్ల నుంచి మాటల్లేవు" అన్నాడు. గట్టు మీది చెట్టు కొమ్మ దగ్గర వచ్చిన తగాదా. కాసేపటికి లేచి, కోసిన జామకాయ చెక్కలు నాలుగు పళ్లెంలో సర్దుకున్నాడు. పురుగు కనబడేలా గుజ్జు వైపు పైకి పెట్టాడు. తువ్వాలు భుజాన వేసుకుని, పళ్లెం చేత్తో పట్టుకుని గట్టెక్కాడు.